తలకిందుల అక్షరాలు

పార్వతీపురంలో, చయనులుగారి అచ్చాఫీసులో, పైడిరాజు అనే కంపోజిటరు ఉండేవాడు. పనిలో ఎంత నిక్కచ్చి మనిషో, తనకు రానిదాన్ని దాచిపెట్టడంలో అంత గడుసువాడు.

అవి సీసపు అక్షరాల రోజులు. కరపత్రం వేయాలన్నా, శుభలేఖ వేయాలన్నా ఒక్కో అక్షరాన్నీ చేత్తో ఏరి కూర్చవలసిందే. గళ్ళు గళ్ళుగా ఉన్న పెద్ద చెక్క పళ్ళెంలో అక్షరాలు ఉండేవి. దాన్ని కేసు అనేవారు. అరచేతిలో పట్టేంత ఇనప పట్టీ ఒకటి ఉండేది. దాన్ని స్టిక్కు అనేవారు. కేసులోంచి ఏరిన అక్షరాలను స్టిక్కులో తలకిందులుగా పేర్చుకుంటూ పోవాలి. అలా పేరిస్తేనే కాగితం మీద నిటారుగా పడతాయి. పైడిరాజు చదివింది మూడో తరగతి. తెలుగైతే బడిలో నేర్చుకున్నాడు, ఇంగ్లీషు మాత్రం ఈ కేసు ముందు నిలబడి నేర్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళ పాటు ఆ గళ్ళలో చెయ్యి పెట్టీ పెట్టీ, కళ్ళు మూసుకుని ఏ అక్షరం అడిగినా తీసి ఇచ్చేవాడు.

చయనులుగారి దగ్గర ఇంగ్లీషు కేసు ఒక్కటే ఉండేది. అందులోనూ అక్షరాలు అంతంత మాత్రం. ఒక పేజీ అచ్చయ్యాక ఆ అక్షరాలనే విడదీసి మళ్ళీ గళ్ళలో వేసుకుంటే గానీ రెండో పేజీ మొదలయ్యేది కాదు. అలా విడదీస్తున్నప్పుడు పైడిరాజుకు ఒక అలవాటు అబ్బింది. ఓ మూడు అక్షరాలు వేళ్ళ మధ్య పట్టుకుని, 'ఈ మూడూ కలిసి ఇంతకుముందు ఏయే మాటల్లోకి వెళ్ళి వచ్చాయి?' అని తనలో తాను తలచుకునేవాడు. టెండరు నోటీసులో ఒకటి, సినిమా కరపత్రంలో ఒకటి, ఎన్నికల కాగితంలో ఒకటి. ఇలా ఒక్కో మాటా వరసగా గుర్తొచ్చేది. అర్థం తెలియని మాట వస్తే చయనులుగారిని అడిగి తెలుసుకునేవాడు. అర్థం అడగడానికి సిగ్గుపడేవాడు కాదు, అది మెచ్చుకోవాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చయనులుగారు నస్యం పీల్చి, "ఏదిరా పైడీ, బి, ఆర్, డి," అనేవారు.

"బ్రెడ్డు, బోర్డు, బర్డు, బ్రిడ్జి, బ్రాండు, బార్డరు..." అని పైడిరాజు చేతిలో పని ఆపకుండానే అందుకునేవాడు.

చయనులుగారి నస్యం డబ్బీ మూత పడేలోగా ఇరవై మాటలు చెప్పేవాడు. ఆ ముసలాయనకు ఇది చూసి కడుపు నిండిపోయేది. ఊళ్ళో ఎవరు కనబడినా, "మా పైడికి ఇంగ్లీషు కొట్టిన పిండి," అని చెప్పుకునేవారు.

అసలు సంగతి ఏమిటంటే, పైడిరాజుకు ఇంగ్లీషు రాయడం రాదు.

మీరు నవ్వకండి. కూర్చడం వేరు, రాయడం వేరు. కలం పట్టి ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాసే అవసరం అతనికి అచ్చాఫీసులో ఏనాడూ రాలేదు. మొదట్లోనే ఎవరినో ఒకరిని అడిగి నేర్చుకుంటే పోయేది. కానీ అడిగితే రాదని తెలిసిపోతుంది కదా. అందుకని అడగలేదు. ఏళ్ళు గడిచిన కొద్దీ పేరు పెరిగింది, పేరు పెరిగిన కొద్దీ అడగడం మరీ కష్టమైంది. తపాలా ఆఫీసులో టెలిగ్రాం ఫారం నింపవలసి వస్తే బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని వెళ్ళి, "చెయ్యి తెగిందండి, కాస్త మీరు రాద్దురూ," అనేవాడు. బ్యాంకులో కళ్ళజోడు మరిచిపోయానని చెప్పేవాడు. అతనికి కళ్ళజోడే లేదు. ఫోర్‌మన్‌గా ఉండమని చయనులుగారు రెండుసార్లు అడిగితే, "నాకెందుకు బాబూ ఆ పెత్తనం," అని తప్పించుకున్నాడు. ఫోర్‌మన్ అయితే ప్రూఫుల మీద దిద్దుబాట్లు రాయాలి. భయం అదీ. పెత్తనం మీద ఆశ లేక కాదు, ఉండీ వదులుకున్నాడు.

ఈ గుట్టు తెలిసింది భార్య పారమ్మ ఒక్కదానికే.

ఒకరోజు కాలేజీలో ఇంగ్లీషు చెప్పే సుగుణకుమారి గారు అచ్చాఫీసుకు వచ్చారు. కాలేజీ మ్యాగజైను బాధ్యత ఆవిడదే. ఏటా దాన్ని విజయనగరంలో వేయించేవారు. ఈ ఏడు ఊళ్ళోనే వేయిస్తే బాగుంటుందేమోనని చూడటానికి వచ్చారు.

"తొంభై పేజీలు, అందులో అరవై ఇంగ్లీషు. మీ దగ్గర ఇంగ్లీషు తెలిసిన మనిషి ఉన్నారా?" అని అడిగారు.

"ఉన్నాడా అంటారేమిటమ్మా? మా పైడిరాజుకు మీరు ఏ అక్షరాలైనా ఇవ్వండి, మాటలు చెప్తూనే ఉంటాడు," అన్నారు చయనులుగారు.

ఆవిడ నవ్వారు. "అయితే మంచిదే. గ్రంథాలయ వారోత్సవాల్లో రేపు అక్షరాల పోటీ పెడుతున్నాం. కొన్ని అక్షరాలు ఇస్తాం. అవన్నీ ఉన్న ఇంగ్లీషు మాటలు చెప్పాలి. వరస ఎలా ఉన్నా సరే, మధ్యలో వేరే అక్షరాలు ఎన్ని ఉన్నా సరే. ఆయన్ని రమ్మనండి. నేనే న్యాయనిర్ణేతను. చూశాకే మ్యాగజైను సంగతి తేల్చుకుందాం."

ఆవిడ వెళ్ళిపోయాక చయనులుగారు పైడిరాజును దగ్గరికి పిలిచారు. ఆయన గొంతు కొంచెం తగ్గింది.

"నీకు చెప్పలేదు గానీ, ఇంగ్లీషు పనులు రావడం మానేసి ఏడాది అవుతోందిరా. ఆ కేసు ఊరికే చోటు తింటోంది. ఫౌండ్రీకి పంపి, కరిగించి, తెలుగు అక్షరాలు పోయించుకుందామని అనుకుంటున్నాను. ఈ మ్యాగజైను వస్తే మాత్రం కేసు నిలబడుతుంది. రాకపోతే వచ్చే నెల బండి ఎక్కించేస్తాను."

ఆ కేసులో ప్రతి గడికీ పైడిరాజు వేళ్ళ రాపిడికి అంచు నున్నబడిపోయింది. ఇరవై రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే దాని మీద దుమ్ము తుడిచి గానీ వేరే పని ముట్టుకోలేదు. అది పొయ్యిలోకి పోతుందంటే సొంత మనిషిని పంపిస్తున్నట్టే అనిపించింది.

"వస్తాను బాబూ, పోటీకి," అన్నాడు.

పోటీ నోటితో చెప్పేదే కదా అని అతని ధైర్యం. అయినా ఆ సాయంత్రం, ఎందుకైనా మంచిదని, బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంటూ కూర్చున్నాడు. పారమ్మ అన్నం వారుస్తూ చూసింది. గంజి గిన్నె కింద పెట్టి వచ్చి ఆ పీలిక లాగేసుకుంది.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ వేలు తెగుతూనే ఉంది. ఎవరైనా కూర్చుని ఎన్నిసార్లని లెక్కేస్తే, నీకు ఈపాటికి వేలే మిగలకూడదు," అంది.

"నీకేం తెలుసే. రేపు నలుగురిలో..."

"నలుగురిలో రాదని చెప్పు. ఏమవుతుంది? నాకు వచ్చిందల్లా వండటం, నాట్లేయడం. మిగతావి రావు. నేను బతకట్లేదా?"

ఆవిడ చెప్పింది నిజమని పైడిరాజుకు తెలుసు. తెలిసినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

మర్నాడు గ్రంథాలయం హాలు కిటకిటలాడింది. పోటీకి తొమ్మిదిమంది వచ్చారు. అందులో అందరూ గెలుస్తాడనుకున్నవాడు ట్యుటోరియల్ నడిపే ఆదినారాయణ మాస్టారు. ఎండాకాలంలో కూడా టై కట్టుకు తిరిగే మనిషి. ఎవరైనా ఇంగ్లీషు మాట తప్పుగా పలికితే అక్కడికక్కడే ఆపి దిద్దితే గానీ ఆయనకు అన్నం సయించేది కాదు. పైడిరాజు మసి అంటిన వేళ్ళతో వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటే, ఆయన తన కుర్చీని జానెడు అవతలికి జరుపుకున్నారు.

మొదటి వంతు నోటితోనే జరిగింది. సుగుణకుమారి గారు ఆర్, టి, ఎన్ అని మూడు అక్షరాలు ఇచ్చారు. ఒక్కొక్కరూ వరసగా ఒక్కో మాట చెప్పాలి. ఎవరి నోరు ఆగితే వారు లేచిపోవాలి. ట్రెయిన్ అన్నారు ఒకరు. కరెంట్ అన్నారు మరొకరు. ప్రింట్ అన్నాడు పైడిరాజు. మూడు చుట్లు తిరిగేసరికి ముగ్గురు లేచిపోయారు. ఆరు చుట్లకు ఇంకో నలుగురు. మాస్టారు, పైడిరాజు మిగిలారు.

"ఎటర్నల్," అన్నారు మాస్టారు.

"అర్జెంట్," అన్నాడు పైడిరాజు.

"కాంట్రడిక్షన్."

"సూపరింటెండెంట్."

మాస్టారు మెడలో టై సవరించుకున్నారు. పైడిరాజు టెండరు అన్నాడు, ఇంటర్వెల్ అన్నాడు, వారంటు అన్నాడు. పుస్తకంలోంచి కాదు, రోజూ చేతికి తగిలిన కాగితాల్లోంచి తీసి చెబుతున్నాడు. జనం ఒక్కో మాటకూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ముందు వరసలో చయనులుగారు, "నే చెప్పలా? నే చెప్పలా?" అని పక్కవాళ్ళ భుజాలు తట్టి మరీ చెబుతున్నారు.

అరగంటయినా ఇద్దరిలో ఎవరూ ఆగలేదు. సుగుణకుమారి గారు చెయ్యెత్తారు.

"ఇలా అయితే తెల్లవారుతుంది. రెండు నల్లబల్లలు తెప్పించాను. కొత్తగా మూడు అక్షరాలు ఇస్తాను. సి, ఎల్, ఎ. పది నిమిషాలు. ఇద్దరూ చెరో బల్ల మీదా రాయండి. ఎవరివి ఎక్కువైతే వారే గెలిచినట్టు."

పైడిరాజు బయటికి పోవడానికి దారి వైపు చూశాడు. దారిలో పారమ్మ కూర్చుని ఉంది. చేతికి సుద్దముక్క వచ్చింది. 'రోజూ చూసే అక్షరాలే కదా, బొమ్మ గీసినట్టు గీసేస్తే పోలా' అనుకున్నాడు. బల్ల వైపు తిరిగాడు.

మాటలకు కొదవ లేదు. క్యాలెండర్, మెడికల్, క్లాస్, లోకల్ అని మనసు అందిస్తూనే ఉంది. చెయ్యి గబగబా గీసుకుపోయింది. నాలుగు మాటలయ్యాయో లేదో, వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇద్దరు. తర్వాత హాలంతా ఘొల్లుమంది.

పైడిరాజు ఒక అడుగు వెనక్కి వేసి బల్ల చూసుకున్నాడు. అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి. అతని చేతికి తెలిసిన అక్షరం స్టిక్కులో తలకిందులుగా నిలబడే అక్షరమే. భయంలో చెయ్యి తనకు తెలిసిందే గీసింది. తలకిందులు చేసినా ఒకేలా ఉండే సి లాంటి అక్షరాలు కొన్ని మాత్రం బతికిపోయాయి.

ఆదినారాయణ మాస్టారు సుద్ద కింద పెట్టి తీరిగ్గా ఇటు తిరిగారు.

"ఏమోయ్, బల్ల తిప్పి పెట్టమంటావా, మమ్మల్నందరినీ శీర్షాసనం వేయమంటావా?"

మళ్ళీ నవ్వులు. చయనులుగారు నవ్వలేదు. ఆయన తల వంచుకుని నస్యం డబ్బీని అటూ ఇటూ తిప్పుతున్నారు. అది చూసి పైడిరాజుకు ప్రాణం చచ్చిపోయినంత పనైంది. తనవల్ల ఆ పెద్దాయన నలుగురిలో తల వంచుకున్నాడు. రేపో మాపో కేసు బండి ఎక్కుతుంది.

"ఏమిటిది పైడిరాజు గారూ? కావాలని రాశారా?" అని అడిగారు సుగుణకుమారి గారు. ఆవిడ గొంతులో కోపం లేదు, అర్థం కాకపోవడమే ఉంది.

చూడండి, అసలు పరీక్ష ఇక్కడ వచ్చింది. అప్పటికే అతని నాలుక చివర మూడు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. నవ్వించడానికి రాశానండి, అనవచ్చు. కళ్ళు తిరిగాయండి, అనవచ్చు. వేలు నొప్పండి, అననే అనవచ్చు. ఇరవై రెండేళ్ళుగా ఇలాంటి చోట ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుతూనే వచ్చాడు. ఇప్పుడు చెప్పినా ఆవిడ నమ్మేవారేమో. కానీ అప్పుడు కేసు మాట ఏమిటి? అబద్ధంతో తను ఇంటికి వెళ్ళగలడు. కేసు మాత్రం ఫౌండ్రీకి వెళుతుంది.

పైడిరాజు సుద్దముక్క కింద పెట్టాడు.

"అమ్మగారూ, నాకు ఇంగ్లీషు రాయడం రాదండి," అన్నాడు.

చయనులుగారు తలెత్తారు.

"ఏనాడూ రాయలేదండి. రాదని చెప్పడానికి సిగ్గేసి, ఇన్నేళ్ళూ ఏదో ఒక వంక చెబుతూ వచ్చాను. బాబుగారికి కూడా తెలీదు. ఆయన తప్పేం లేదు. నాకు కూర్చడం వచ్చండి. నా చెయ్యి అక్షరాన్ని తలకిందులుగా చూసే నేర్చుకుంది. నా కేసు తెచ్చుకోనిస్తే, మీరు ఇచ్చిన అక్షరాలతో మాటలు కూర్చి, అచ్చు తీసి చూపిస్తాను."

చెప్పేశాక అతనికే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళూ మోసిన బరువు ఇంతేనా అనిపించింది.

"ఇది రాత పోటీ. రాయడం రానివాడికి ఇందులో ఏం పని?" అన్నారు మాస్టారు.

"మాటలు తెలిసినవాళ్ళ పోటీ అండి ఇది," అన్నారు సుగుణకుమారి గారు. "ఆయనకు తెలుసో లేదో చూడటానికి నాకైతే ఏ అభ్యంతరమూ లేదు. ఈ వంతు కొట్టేద్దాం. కొత్త అక్షరాలు ఇస్తాను. ఇరవై నిమిషాలు. మీరు రాయండి, ఆయన కూరుస్తారు. మీ బల్ల మీద మీవి, ఆయన కాగితం మీద ఆయనవి. మీకు భయమైతే చెప్పండి."

భయమా అంటే ఇక మాస్టారు ఊరుకుంటారా. సరేనన్నారు.

అచ్చాఫీసు వీధి అవతలే. ట్రెడిల్ అచ్చుయంత్రం తొక్కే ఇద్దరు మనుషులు పరుగున వెళ్ళి కేసునూ స్టిక్కునూ రిక్షా మీద పెట్టుకొచ్చారు. సిరా, రోలరు చయనులుగారు తనే చంకన పెట్టుకు వచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి ధోవతి ఎగగట్టి నడవడం ఆ ఊరు అదే మొదటిసారి చూడటం. కేసును బల్ల మీద వాలుగా నిలబెట్టారు. పైడిరాజు దాని ముందు నిలబడి, పై దుమ్ము తుండుగుడ్డతో తుడిచాడు.

"పి, ఆర్, ఎస్. మొదలుపెట్టండి," అన్నారు సుగుణకుమారి గారు.

మాస్టారి సుద్ద టకటకలాడింది. పైడిరాజు కుడిచెయ్యి గళ్ళ మీద ఆడటం మొదలైంది. చూసేవాళ్ళకు వేళ్ళు కనబడలేదు, టిక్కు టిక్కుమనే చప్పుడు మాత్రం వినబడింది. స్ప్రింగ్, స్పీకర్, స్లీపర్, ఇన్‌స్పెక్టర్. స్టిక్కు నిండగానే అక్షరాలను పక్కనున్న రేకు పళ్ళెంలోకి దింపి మళ్ళీ మొదలుపెట్టేవాడు. పిల్లలు బెంచీలెక్కి చూశారు. ఇందాక నవ్వినవాళ్ళే ఇప్పుడు మెడలు చాచి, "ఎన్నయ్యాయి? ఎన్నయ్యాయి?" అని ఒకరినొకరు అడుగుతున్నారు.

పన్నెండు నిమిషాలయ్యేసరికి అతని చెయ్యి ఒక గడి దగ్గర క్షణం ఆగింది. లోపలికి తొంగి చూశాడు. తర్వాత మునుపటి కంటే జోరుగా సాగిపోయాడు. ఎందుకు ఆగాడో ఎవరికీ అర్థం కాలేదు.

"ఆపండి," అన్నారు సుగుణకుమారి గారు.

మాస్టారు నలభై ఏడు మాటలు రాశారు. బల్లంతా నిండిపోయింది. నుదురు తుడుచుకుని, గెలిచినట్టే నిలబడ్డారు.

పైడిరాజు తొందరపడలేదు. అక్షరాల చుట్టూ దారం బిగించి కట్టాడు. రోలరుతో సిరా పూశాడు. తెల్లకాగితం పరిచి, గుడ్డ ఉండతో మూల మూలకీ నొక్కాడు. కాగితాన్ని ఒక కొసన పట్టుకుని మెల్లగా లేపి, జనం వైపు తిప్పాడు.

మూడు నిలువు వరసలు. నల్లగా, నిటారుగా, సూటిగా ఉన్న మాటలు. చూపుకు ఒక్కటి కూడా తలకిందులుగా కనబడలేదు.

సుగుణకుమారి గారు కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టారు. రెండోసారి కూడా లెక్కపెట్టారు. "యాభై మూడు," అన్నారు.

"యాభై రెండండి," అన్నాడు పైడిరాజు. "పంతొమ్మిదో మాటలో ఒక అక్షరం తిరగబడింది. కంగారులో చూసుకోలేదు. దాన్ని తీసెయ్యండి."

ఆవిడ వేలుపెట్టి వెతికితే గానీ ఆ తప్పు కనబడలేదు. కనబడ్డాక ఆవిడ అతని వైపు చాలాసేపు చూశారు.

మాస్టారు ఊరుకోలేదు. కాగితం దగ్గరికి వంగి ఒక మాట మీద వేలు పెట్టారు. "స్పారో అంటే ఏమిటో చెప్పమనండి. ఊరికే అక్షరాలు గుర్తుంటే చాలదు."

"పిచ్చుకండి. కాన్వెంటు పిల్లల ప్రశ్నపత్రంలో వేశాను."

"మరి ప్రిస్క్రిప్షన్?"

"డాక్టరుగారు మందులు రాసిచ్చే చీటీ అండి. మన ఊళ్ళో ముగ్గురు డాక్టర్లకూ ఆ చీటీలు వేసింది నేనే."

మాస్టారు కాగితమంతా వెతికారు. ఉన్నట్టుండి ఆయన ముఖం వికసించింది. "చూశారా? ఇరవై రెండేళ్ళుగా ప్రెస్సులో పనిచేస్తున్నాడు. పి, ఆర్, ఎస్ ఇస్తే ప్రెస్ అన్న మాటే మరిచిపోయాడు."

జనం కూడా తొంగి చూశారు. నిజమే, ఆ మాట లేదు.

"మరిచిపోలేదండి. దానికి ఎస్సులు రెండు కావాలి," అన్నాడు పైడిరాజు. "మా కేసులో ఎస్సులు తక్కువ. సగం దూరం వచ్చేసరికి గడి అడుగు కనబడింది. ప్రెస్, ప్రోగ్రెస్, ప్రొఫెసర్, పాస్‌పోర్టు, ఇవన్నీ రెండేసి ఎస్సులు తినే మాటలు. అలాంటిది ఒక్కటి పెట్టే బదులు పర్సు, స్పేరు రెండూ వస్తాయి కదా అని వాటిని పక్కన పెట్టాను. ఎస్సులు ఇంకో గుప్పెడు ఇప్పిస్తే ఇప్పుడే కూరుస్తాను."

హాలు దద్దరిల్లిపోయింది. ఈసారి నవ్వులకు కాదు, చప్పట్లకు. చయనులుగారు కుర్చీలోంచి లేచి, పిల్లవాడిలా రెండు చేతులూ పైకెత్తి కొట్టారు. వాకిట్లో పారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, పక్కావిడతో, "మా ఆయనే," అంది. ఆ పక్కావిడకు ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు.

సుగుణకుమారి గారు పైడిరాజును వేదిక మీదికి పిలిచి అందరికీ వినబడేలా చెప్పారు.

"మాటలు తెలిసినవాళ్ళను చాలామందిని చూశాను. ఉన్న అక్షరాలు ఎన్నో చూసుకుని మాటలు ఎంచుకునేవాణ్ణి ఇవాళే చూశాను. నా మ్యాగజైనులో తప్పు పడితే, నాకంటే ముందే పట్టుకుని, పడిందని నాతో చెప్పే మనిషి కావాలి. అలాంటి మనిషి దొరికారు. మ్యాగజైను మీ అచ్చాఫీసుకే ఇస్తున్నాను."

ఆ మాటతో చయనులుగారు ఫౌండ్రీకి రాయవలసిన ఉత్తరం మారిపోయింది. కేసును కరిగించమని కాదు, మ్యాగజైనుకు చాలేలా ఇంకో రెండు కేసులు నిండేలా ఇంగ్లీషు అక్షరాలు పోసి పంపమని, ఎస్సులు మరి కాస్త ఎక్కువ వేయమని రాశారు. ఆ ఉత్తరం రాయకముందే, గ్రంథాలయం మెట్ల మీద, పైడిరాజు భుజం మీద చెయ్యి వేసి అన్నారు.

"నాకు చెప్పి ఉంటే నేనే నేర్పేవాణ్ణి కదరా."

"సిగ్గేసింది బాబూ."

"ఆ సిగ్గువల్ల ఇరవై రెండేళ్ళు పోయాయి. ఇకనైనా మానెయ్. రేపటినుంచి ఫోర్‌మన్‌వి నువ్వే."

"ఉంటాను బాబూ," అన్నాడు పైడిరాజు. "కానీ ప్రూఫులు దిద్దడానికి రాయడం రావాలి. ముందది నేర్చుకోవాలి."

అంటూ అతను ఎక్కడికి వెళ్ళాడనుకున్నారు? తిన్నగా ఆదినారాయణ మాస్టారి దగ్గరికే వెళ్ళాడు. ఆయన సైకిలు తాళం తీసుకుంటూ, ఎవరినీ చూడకుండా వెళ్ళిపోదామనుకుంటున్నారు.

"మాస్టారూ, నాకు ఇంగ్లీషు రాత నేర్పుతారా?" అని అడిగాడు పైడిరాజు.

మాస్టారు నమ్మలేనట్టు చూశారు. ఎగతాళేమోనని అతని ముఖంలో వెతికారు. ఎగతాళి లేదు. ఆయనే తలవంచుకుని, "నీకు అచ్చులో ఉన్నన్ని మాటలు నాకు నోట్లో లేవని ఇవాళ తెలిసిందయ్యా," అన్నారు. "సోమవారం ఉదయం ఆరింటికి రా. పిల్లలతో కూర్చోవాలి మరి."

"కూర్చుంటానండి," అన్నాడు పైడిరాజు.

సోమవారం ఆరు గంటలకు పదో తరగతి పిల్లల మధ్య, ముందు బెంచీలో, ఫోర్‌మన్ పైడిరాజు కొత్త కాపీ పుస్తకంతో కూర్చున్నాడు. నాలుగు నెలల్లో మ్యాగజైను వచ్చింది. తొంభై పేజీలు. ప్రూఫుల మీద దిద్దుబాట్లన్నీ అతని సొంత చేతిరాతే, వంకరగా ఉన్నా నిటారుగా నిలబడ్డ రాత.

నీతి: తనకు రానిదాన్ని దాచుకునేవాడు, దానితోపాటు తనకు వచ్చినదాన్ని కూడా దాచుకుంటాడు, రాదని ధైర్యంగా ఒప్పుకున్నవాడికే, వచ్చినది చూపించుకునే చోటూ రానిది నేర్చుకునే దారీ దొరుకుతాయి.